చెరువు అదే, బ్లీచింగ్ అదే. డిసెంబర్లో క్లోరోఫామ్, మే నెలలో బ్రోమోఫామ్ ఎందుకొస్తోంది?

డెల్టా టీచర్

అందరికీ నమస్కారం. నర్సాపురం అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. కాలువ పారినన్నాళ్లూ నింపి పెట్టుకున్న మంచినీళ్ల చెరువే ఊరికి ఆధారం. చెరువు నీళ్లు ఇసుక ఫిల్టర్ బెడ్ల మీదకి, అక్కణ్ణుంచి సంపులోకి, సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకి, ఆ తర్వాత కుళాయిలకి వస్తాయి.

ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో ‘మన కుళాయి నీళ్లు’ అని ప్రాజెక్టు చేయించాను. ఉప్పదనం, పీహెచ్, క్లోరిన్ బడిలోనే చూసుకున్నాం. నీళ్లలో క్లోరిన్ వేసినప్పుడు ట్రైహాలోమీథేన్లు (క్లోరోఫామ్, దాని చుట్టాలైన మరో మూడు పదార్థాలు) పుడతాయని చదివాక వాటిని కూడా కొలిపించాలనిపించింది. మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాడు. వాడి పుణ్యమా అని డిసెంబర్లో ఒకసారి, మే నెలలో ఒకసారి పరీక్ష జరిగింది. రెండుసార్లూ నీళ్లు పట్టింది ఒకే కుళాయి దగ్గర. బడి వెనక వీధి చివర, పైపు లైను ఆగిపోయే చోట.

లీటరుకి మైక్రోగ్రాముల్లో వచ్చిన అంకెలు ఇవి.

డిసెంబర్: క్లోరోఫామ్ 62, బ్రోమోడైక్లోరోమీథేన్ 21, డైబ్రోమోక్లోరోమీథేన్ 6, బ్రోమోఫామ్ దొరకలేదు. మొత్తం 89.

మే: క్లోరోఫామ్ 31, బ్రోమోడైక్లోరోమీథేన్ 44, డైబ్రోమోక్లోరోమీథేన్ 58, బ్రోమోఫామ్ 29. మొత్తం 162.

మేము కొలిచినవి: డిసెంబర్లో పీహెచ్ 7.6, క్లోరైడ్ లీటరుకి 38 మిల్లీగ్రాములు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ 8.7, క్లోరైడ్ 240.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పై నాలుగింటికీ వరసగా 200, 60, 100, 100 దాకా ఉండొచ్చు. మే రిపోర్టులో ఏ ఒక్కటీ గీత దాటలేదు. క్లోరైడ్ కూడా 250 లోపే. అందుకని రిపోర్టు కింద ‘పరిమితుల్లోనే ఉంది’ అని రాసిచ్చారు. పంచాయతీలో చూపిస్తే ‘ఇంకేం మేడం, బాగానే ఉంది కదా’ అన్నారు.

నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. క్లోరోఫామ్ సగానికి పడిపోయి, బ్రోమిన్ ఉన్నవన్నీ ఎందుకు పెరిగాయి? మేం వేసేది బ్లీచింగ్ పౌడర్. బ్రోమిన్ ఎవరూ వేయలేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? మా చెల్లి ఆరో నెలతో పురుటికి మా ఇంటికి వచ్చి ఉంది. అమ్మ ఆ కుళాయి నీళ్లు ముట్టుకోనివ్వడం లేదు, టిన్నులు తెప్పిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇద్దరు పిల్లల నాన్న

మేడం, ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముందండీ? క్లోరోఫామ్ అంటే క్యాన్సర్ తెచ్చే విషం అని ఎక్కడ చూసినా రాస్తున్నారు. ముందు ఆ బ్లీచింగ్ ఆపించండి. ఇసుకలో వడకట్టిన నీళ్లే కదా, మన తాతల కాలంలో చెరువు నీళ్లు నేరుగా తాగి బతికారు. ఇది చదివినప్పట్నుంచి నాకూ టెన్షన్‌గా ఉంది, మా ఊళ్లో కూడా ఇదే పద్ధతి.

పాత కెమిస్టు

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు నీళ్ల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఒకే కుళాయి దగ్గర, రెండు కాలాల్లో, పక్కనే పీహెచ్, క్లోరైడ్ కూడా రాసిపెట్టి తెచ్చిన రిపోర్టు మా రోజుల్లో పెద్ద ప్లాంట్ల నుంచి కూడా అరుదుగా వచ్చేది. మీ పిల్లలకి నా ఆశీస్సులు చెప్పండి.

ముందు పై పోస్టు రాసిన తమ్ముడికి ఒక మాట. మీ భయం అర్థమైంది బాబూ, కానీ బ్లీచింగ్ ఆపమని మాత్రం అనొద్దు. ఒకప్పుడు నేను చేసిన ఊళ్లో బ్లీచింగ్ సరుకు అందక రెండు రోజులు అలాగే నీళ్లు వదిలారు. మూడో రోజు ఆస్పత్రి వరండాలో చాపల మీద మనుషులు. స్టాండులు చాలక సెలైన్ సీసాలు కిటికీ చువ్వలకి కట్టారు. ఆ చువ్వలు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. ట్రైహాలోమీథేన్ల వల్ల ఏదైనా జరిగితే అది ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. అలా దశాబ్దాలు తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనిపించిందని పరిశోధనలు చెబుతున్నాయి, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ వాంతులు, విరేచనాలు పసిపిల్లల్ని ఒక్క రోజులో తీసుకుపోతాయి. ఈ ఉప ఉత్పత్తులను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారం విషయంలో రాజీ పడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లోనే స్పష్టంగా రాసింది. అందుకే క్లోరిన్ వేస్తూనే దాని చెడు ఎలా తగ్గించుకోవాలో చూద్దాం.

టీచర్ గారూ, మీ ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉంది. క్లోరైడ్ 38 నుంచి 240కి ఎందుకు పెరిగింది? ఎండకి చెరువు ఆవిరైతే ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో పెరగాలి. ఆరు రెట్లు పెరగదు. నా అనుమానం ఏమిటంటే, కాలువ కట్టేశాక చెరువు తగ్గుతుంటే ఎవరో బోరు నీళ్లు కలుపుతున్నారు. లేదంటే ఉప్పునీళ్లు చెరువులోకి ఊరుతున్నాయి. కనుక్కోండి.

సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్, 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటాయి. అంటే వెయ్యికి మూడున్నర. ఆ ఉప్పు ఎంత పలచబడినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. మీ నీళ్లలో కొత్తగా చేరిన క్లోరైడ్ 202. అది సముద్రం నుంచి వచ్చిందే అయితే దాంతోపాటు సుమారు 0.7 మిల్లీగ్రాముల బ్రోమైడ్ కూడా వచ్చినట్టే. రుచికి తెలియదు, రంగు లేదు, మామూలు రిపోర్టులో దానికి గడే ఉండదు. బ్రోమైడ్‌గా ఉన్నంతసేపూ దాని వల్ల పెద్ద హాని కూడా లేదు.

దానికి క్లోరిన్ తగిలినప్పుడే కథ మారుతుంది. బ్లీచింగ్ నీళ్లలో కలిస్తే హైపోక్లోరస్ ఆమ్లం తయారవుతుంది కదా. అది బ్రోమైడ్‌ని పట్టుకుని చూస్తుండగానే హైపోబ్రోమస్ ఆమ్లంగా మార్చేస్తుంది. పాచి, ఆకులు, గడ్డి కుళ్లి నీళ్లలో కరిగిన సేంద్రియ పదార్థం మీ చెరువులో ఎలాగూ ఉంది. బెడ్ల నుంచి వచ్చిన నీళ్లు తెల్ల బకెట్‌లో పట్టి చూడండి, పలచని టీ డికాషన్ రంగు కనిపిస్తే అది ఇదే. ఆ పదార్థంతో క్లోరిన్ కలిసే వేగం కంటే ఈ బ్రోమిన్ ఆమ్లం కలిసే వేగం ఎన్నో రెట్లు ఎక్కువ. క్లోరిన్ కూర్చోవలసిన చోట ముందే వెళ్లి బ్రోమిన్ కూర్చుంటుంది. అందుకే మీ క్లోరోఫామ్ 62 నుంచి 31కి పడింది. మిగతా మూడూ పెరిగాయి. ఇంకో సంగతి, సేంద్రియ పదార్థాన్ని కాల్చే పనిలో ఖర్చయిన బ్రోమిన్ మళ్లీ బ్రోమైడ్‌గా మారిపోతుంది, క్లోరిన్ దాన్ని మళ్లీ లేపుతుంది. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉన్నంతసేపూ ఈ తిరగలి తిరుగుతూనే ఉంటుంది. మీరు నీళ్లు పట్టింది లైన్ చివర కాబట్టి తిరగాల్సినంతా తిరిగింది.

ఇప్పుడు పిల్లల చేత ఒక లెక్క చేయించండి. మొత్తం 89 నుంచి 162కి పెరిగింది, అంటే బరువులో 80 శాతం పైనే. కానీ ఒక్కో అంకెనీ దాని అణుభారంతో భాగించి చూడండి. క్లోరోఫామ్‌కి 119, తర్వాతవి 164, 208, 253. అప్పుడు డిసెంబర్లో 0.68 మైక్రోమోల్స్, మే నెలలో 0.92 వస్తాయి. అణువుల సంఖ్య మూడో వంతే పెరిగింది. మిగతా పెరుగుదల అంతా బ్రోమిన్ బరువు. క్లోరిన్ పరమాణువు 35.5 అయితే బ్రోమిన్ 80. చిల్లర నాణేల సంఖ్య అంతే ఉండి, పావలాల బదులు రూపాయి బిళ్లలు చేరినట్టు. దీన్ని బట్టి మే నెలలో పుట్టినవాటి సంఖ్య కంటే వాటి జాతి ఎక్కువ మారిందని తెలుస్తోంది. ఆ మారిన జాతే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

ఎందుకంటే, ‘ఏదీ గీత దాటలేదు’ అన్న మాట దగ్గర ఒక పొరపాటుంది. నాలుగూ ఒకే ఒంట్లోకి పోతాయి కాబట్టి విడివిడిగా చూస్తే సరిపోదు. ప్రతి అంకెనీ దాని పరిమితితో భాగించి, నాలుగూ కలిపితే ఒకటి దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాళ్లు క్లోరోఫామ్‌కి 300 పెట్టారు, మిగతా మూడూ మనవే. మీ డిసెంబర్ లెక్క: 0.21, 0.35, 0.06. కలిపితే 0.62, పరవాలేదు. మే లెక్క: 0.10, 0.73, 0.58, 0.29. కలిపితే 1.70. మన 200తో భాగించినా కొంచెం పెరుగుతుందే కానీ తగ్గదు. విడిగా నాలుగూ పాసైన నీళ్లు కలిపి చూస్తే ఫెయిలయ్యాయి. మీ మనసు ఒప్పుకోలేదన్నారే, సరిగ్గా ఇందుకే.

ఇక పీహెచ్. ఎండలో పాచి నీళ్లలోని కార్బన్ డైయాక్సైడ్‌ని తినేస్తుంది, అందుకే మధ్యాహ్నానికి 8.7 చూశారు. అదే చెరువులో తెల్లవారుజామున కొలవండి, చాలా తక్కువ ఉంటుంది. దీనివల్ల రెండు నష్టాలు. ఒకటి, క్రిములను చంపే సత్తా ఉన్నది హైపోక్లోరస్ ఆమ్లానికి. పీహెచ్ 7.5 దగ్గర అది సగం ఉంటుంది, 8.7 దగ్గర పదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా నీరసమైన హైపోక్లోరైట్. రెండోది, ట్రైహాలోమీథేన్లు పుట్టే చర్యకి క్షారం ఊతమిస్తుంది. అంటే మధ్యాహ్నం వేసిన బ్లీచింగ్ క్రిముల మీద తక్కువ పనిచేసి, ఈ పదార్థాలను ఎక్కువ పుట్టిస్తుంది. అలాగని ఆమ్లం పోసి పీహెచ్ దించుదాం అనుకోకండి. అప్పుడు ట్రైహాలోమీథేన్లు తగ్గినా, హాలోఎసిటిక్ ఆమ్లాలు అని ఇంకో కుటుంబం ఉంది, అందులో కొన్ని పెరుగుతాయి. అవి మీ రిపోర్టులో కొలవనే లేదు.

చివరిగా నాకు ఒక సందేహం. నీళ్లు పట్టిన సీసాలో ముందే ఏదైనా వేసి ఇచ్చారా? క్లోరిన్‌ని చంపే సోడియం థయోసల్ఫేట్ గానీ విటమిన్ సి పొడి గానీ లేకపోతే, నర్సాపురం నుంచి హైదరాబాద్ చేరేదాకా ఆ సీసాలో వంట జరుగుతూనే ఉంటుంది. అప్పుడు 162 అన్నది కుళాయి అంకె కాదు, బస్సు అంకె.

పక్క మండలం ఆపరేటర్

సార్ చెప్పినంత కెమిస్ట్రీ నాకు రాదండి. పదకొండేళ్లుగా ఇలాంటి చెరువు స్కీము మీదే పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. మేడం, ముందు ఒకటి కనుక్కోండి. మీ ఊళ్లో బ్లీచింగ్ ఎక్కడ వేస్తున్నారు? సంపులోనా, బెడ్ల ముందా?

ఎండాకాలం చెరువు పచ్చగా అవుతుంది. బెడ్ల మీద పాచి పట్టి నీళ్లు దిగవు. నీళ్లు రాకపోతే ఊరంతా మీద పడుతుంది. అప్పుడు చాలామంది చేసేది ఏంటంటే, చెరువు నుంచి బెడ్లకి వచ్చే తొట్టిలోనే బ్లీచింగ్ కలిపేస్తారు. పాచి చచ్చి బెడ్లు రెండు రోజులు బాగా దిగుతాయి. నేనూ మొదట్లో చేశాను. ట్రైనింగులో ఒక ఇంజినీరు గారు బెడ్ పైనున్న ఇసుక చేత్తో తీసి చూపించారు. వేలితో రుద్దితే జిగురుగా ఉంటుంది, అర అంగుళం కూడా ఉండదు. ఆ జిగురు పొరేనంట నీళ్లను శుభ్రం చేసేది. అందులో ఉన్న మంచి క్రిములు చెడ్డవాటిని, నీళ్లలో కరిగిన మురికిని తింటాయంట. బ్లీచింగ్ తగిలితే ఆ పొర చచ్చిపోతుంది, ఆపైన అది ఉత్త ఇసుక. బెడ్ దిగకపోతే నీళ్లు దించి పైపైన ఇసుక గీకి తీయాలి, అంతేగానీ మందు వేయకూడదు అన్నారు. అప్పట్నుంచి మానేశాను.

ఇంకోటి. క్లోరిన్ ఉందో లేదో చూసే ఓటీ మందు చుక్కలు వేసి పసుపు రంగు వచ్చింది కదా అని నమ్మేయొద్దు. చుక్క వేయగానే వచ్చే పసుపు వేరు, ఐదు నిమిషాలు ఆగితే ముదిరే పసుపు వేరు. మా వైపు చేపల చెరువుల నీళ్లు కాలువలోకి వదిలితే అమ్మోనియా వస్తుంది. అప్పుడు రంగు వెంటనే రాదు, నిదానంగా వస్తుంది. అది విడిగా ఉన్న క్లోరిన్ కాదు, అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్. అది చూసి కంగారుపడి ఇంకో బస్తా విప్పుతారు.

బస్తా అంటే గుర్తొచ్చింది, విప్పిన బస్తా మూతి కట్టి నీడలో పెట్టండి. ఎండలో, చెమ్మలో పెడితే నెలకే సత్తువ పోతుంది. సత్తువ పోయిన పొడి తట్టలకొద్దీ వేసినా అడుగున సున్నం మిగలడమే.

రోటర్‌డామ్‌లో ఉంటాను

ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. మాది రాజోలు. ఇక్కడ నీటి శుద్ధి రంగంలోనే పనిచేస్తున్నాను. క్లోరిన్ వేసిన తాగునీళ్లలో క్లోరోఫామ్ పుడుతుందని బయటపెట్టింది ఈ ఊరి నీటి సంస్థలో పనిచేసిన యోహానెస్ రూక్ అనే కెమిస్టు, 1974లో. రైన్ నది సముద్రంలో కలిసే ఈ డెల్టాలో నది నీళ్లలో ఆయనకి బ్రోమైడ్ కూడా తగిలింది, బ్రోమిన్ ఉన్నవి ఎలా పుడుతున్నాయో కూడా అప్పుడే వివరించాడు. అదే ఏడాది అమెరికాలోనూ విడిగా ఇదే కనుక్కున్నారు. అక్కడ 1979లో మొత్తం నాలుగింటికీ కలిపి 100 మైక్రోగ్రాముల పరిమితి పెట్టి, 1998 నిబంధనతో దాన్ని 80కి తగ్గించారు. ఆ లెక్కన మీ డిసెంబర్ నీళ్లు కూడా అంచు దాటినట్టే. ఇక్కడ మా ఆఫీసు కిటికీలోంచి డెల్టా చూస్తూ, అచ్చం మా గోదావరి పాయల్లాగే ఉందనుకుంటాను. మీ రిపోర్టు చూశాక నీళ్ల గుణం కూడా ఒకటేనని తెలిసింది.

ఒకటి హెచ్చరించాలనిపించింది. ఎవరైనా వచ్చి ‘క్లోరిన్ వద్దు, ఓజోన్ ప్లాంటు పెట్టించండి’ అంటే ఒప్పుకోకండి. బ్రోమైడ్ ఉన్న నీళ్లకి ఓజోన్ తగిలితే బ్రోమేట్ అవుతుంది. దాని పరిమితి లీటరుకి 10 మైక్రోగ్రాములే, పుట్టాక తీయడం చాలా కష్టం. నెదర్లాండ్స్‌లో కుళాయి నీళ్లలో క్లోరిన్ మిగల్చరు అన్న మాట కూడా మీరు వినే ఉంటారు. నిజమే. కానీ ఇక్కడ పైపుల్లో ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడి ఉంటుంది. రోజుకి గంటసేపు నీళ్లు వదిలి ఆపేసే చోట, ఖాళీ పైపు పక్కనున్న కాలువ మురికిని లోపలికి పీల్చుకుంటుంది. అక్కడ క్లోరిన్ లేకుండా కుదరదు.

డెల్టా టీచర్

ముందుగా అందరికీ చేతులెత్తి నమస్కారం. నాలుగు రోజులు ఆలస్యమైంది, ఎందుకంటే అడిగినవన్నీ కనుక్కుని రాయాలనుకున్నాను.

సార్, మీ అనుమానం నిజం. ఏప్రిల్ రెండో వారంలో కాలువ కట్టేశాక చెరువు గట్టు కింద పాత బోరు మోటారు వేసి, ఆ నీళ్లు చెరువులోకే వదులుతున్నారు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. సెలవులైనా నలుగురు పిల్లలు బడికి వచ్చారు. బోరు నీళ్లు తెచ్చి సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేశాం. బ్యూరెట్టు ఖాళీ అవుతూనే ఉంది, ఫ్లాస్కులో పసుపు రంగు మారదు. ‘టీచర్, పాడైపోయిందేమో’ అంది ఒక పిల్ల. చివరికి ఇటుక రంగు వచ్చేసరికి లెక్క 860 తేలింది. 38 ఉన్న నీళ్లలో 860 ఉన్నవి కలిసి 240 అయ్యాయంటే చెరువులో దాదాపు నాలుగో వంతు బోరు నీళ్లే. ఆ లెక్క బోర్డు మీద వేసింది పిల్లలే. వాళ్ల వేళ్ల మీద సిల్వర్ నైట్రేట్ నల్ల మచ్చలు ఇంకా పోలేదు.

సీసాలో తెల్లటి పలుకులు ముందే వేసి పంపారు, గాలి బుడగ లేకుండా నింపమన్నారు, అలాగే నింపాం. కాబట్టి అది కుళాయి అంకేనండి.

ఆపరేటర్ గారూ, మీరు చెప్పిందీ నిజమే. మే మొదట్నుంచి బెడ్ల ముందు తొట్టిలోనే బ్లీచింగ్ వేస్తున్నారు. మా ఆపరేటర్ అబ్బాయి తప్పని తెలిసి చేసింది కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు. మీ పోస్టు ఫోన్‌లో చదివి వినిపించాను. బెడ్ దగ్గరకి వెళ్లి ఇసుక చేతిలోకి తీసుకుని రుద్ది చూశాడు. జిగురు లేదు మేడం అన్నాడు. చాలాసేపు ఆ ఇసుక వంకే చూస్తూ నిలబడ్డాడు.

తెల్లవారుజామున ఐదింటికి పీహెచ్ 7.8 వచ్చింది. మధ్యాహ్నం మళ్లీ 8.7.

ఇప్పుడు ఏం చేయమంటారు? మా చెల్లి సంగతి కూడా చెప్పండి సార్.

పాత కెమిస్టు

అమ్మా, మీరు నాలుగు రోజుల్లో చేసింది చూస్తే కడుపు నిండిపోయింది.

అన్నిటికంటే ముందు ఆ బోరు. దాన్ని చెరువులో కలపడం ఆపించండి. ఊరికి వాడుక నీళ్లు చాలవంటే ఆ బోరుకి విడిగా ఒక కుళాయి పెట్టించండి, గిన్నెలకీ పశువులకీ వాడుకుంటారు. బ్రోమైడ్‌ని ఇసుక ఆపలేదు, పటిక ఆపలేదు, చిల్లగింజ ఆపలేదు. రాకుండా చూసుకోవడమే మార్గం. చిల్లగింజ అన్నాను కాబట్టి చెబుతున్నా, దాన్ని అరగదీసి బిందెలో కలిపితే నీళ్లు తేరుకునే మాట నిజమే గానీ గింజ సారం కొంత నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ పైన క్లోరిన్ వేస్తే దానికి ఇంకాస్త మేత దొరికినట్టే.

బ్లీచింగ్ సంపులోకి మార్చండి, బెడ్ల ముందు చిటికెడు కూడా వద్దు. చచ్చిన పొర మళ్లీ కట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా మందు మోతాదు తగ్గించకండి, మిగులు క్లోరిన్ రోజూ చూసుకోండి. సంపులో మందు కలపడం తెల్లవారుజామున పెట్టుకోమనండి. పీహెచ్ 7.8 దగ్గర అదే క్లోరిన్ ఎన్నో రెట్లు గట్టిగా పనిచేస్తుంది కాబట్టి తక్కువతో సరిపోతుంది. మోతాదు చేత్తో కాకుండా తూకంతో వేయించండి. లక్ష లీటర్లకి లీటరుకి 2 మిల్లీగ్రాములు కావాలంటే 200 గ్రాముల క్లోరిన్, పొడిలో 25 శాతం ఉంటే 800 గ్రాములు. చివరి కుళాయికి క్లోరిన్ అందడం లేదని చాలా చోట్ల మొత్తం మోతాదు రెట్టింపు చేస్తుంటారు, అలా కాకుండా సంపులో కొంత, ఓవర్‌హెడ్ ట్యాంకులో మరికొంత వేస్తే మొత్తం తక్కువ పడుతుంది. ట్యాంకు నింపి రెండు రోజులు నిలవ ఉంచొద్దు. ఎండకి కాగిన ట్యాంకులో ఈ పదార్థాలు గంటగంటకీ పెరుగుతాయి. చివరి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ మాత్రం ఉండి తీరాలి.

మీ చెల్లి విషయం. గర్భిణుల మీద జరిగిన పరిశోధనలు ఇంకా ఒక్క మాట మీదకి రాలేదు, భయపడి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. కానీ ఇంట్లో తేలిగ్గా చేసుకోగలిగినవి చేసుకోండి. నీళ్లు వెడల్పాటి గిన్నెలో, మూత తీసి, తెర్లాక ఇంకో ఐదారు నిమిషాలు కాచండి. కిటికీ తెరిచి ఉంచండి. క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరుగుతుంది, తొందరగా పోతుంది. బ్రోమోఫామ్ మరిగేది 149 డిగ్రీల దగ్గర, అది కాస్త మొండిది, అందుకే ఆ ఐదారు నిమిషాలు. కాచిన నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి మూత పెట్టి ఆ రోజుకే వాడేయండి. కార్బన్ ఫిల్టర్ ఉంటే ఇంకా మంచిది, కాకపోతే క్యాట్రిడ్జ్ వేళకి మార్చాలి. స్నానాల గదిలో వేణ్ణీళ్ల ఆవిరితో కూడా ఇవి ఒంట్లోకి పోతాయి, తలుపు మూసినా పై కిటికీ తీసి ఉంచమనండి. మీ అమ్మగారు తెప్పిస్తున్న టిన్నుల గురించి ఒకటే చెబుతాను. అందులో క్లోరిన్ ఉండదు, ఆ టిన్ను ఎలా కడిగారో మనకి తెలియదు. తాగితే కాచి తాగండి.

డెల్టా టీచర్

బోరు ఆపారు సార్. సర్పంచ్ గారికి ఆ 1.70 లెక్క కాగితం మీద వేసి చూపించాను. ‘విడివిడిగా పాసై, కలిపితే ఫెయిలా?’ అని రెండుసార్లు అడిగి, అప్పటికప్పుడు మోటారు తీగ పీకించారు. నీళ్లు చాలవని రెండు వీధులవాళ్లు గొడవ చేస్తే, పూటకి ఇన్ని బిందెలు అని మాట్లాడుకుని సర్దుకున్నారు. నిన్నటి నుంచి కాలువ నీళ్లు కూడా వస్తున్నాయి. ఈ రోజు పొద్దున్న చెరువు క్లోరైడ్ 92.

పాత కెమిస్టు

92 అంటే బ్రోమైడ్ 0.2 దాకా ఉంటుంది. ఇంకా దిగాలి. తొలి కాలువ నీళ్లు గట్ల మీది గడ్డి, చెత్తా కడుక్కుంటూ వస్తాయి, ఆ వారంలో బ్రోమైడ్ తగ్గినా సేంద్రియ పదార్థం పెరుగుతుంది. వీలైతే ఇంకో రెండు మూడు రోజుల నీళ్లు చెరువులోకి మళ్లించకుండా కిందికి పోనివ్వమనండి. క్లోరైడ్ 50 లోపుకి వచ్చి, బెడ్ మీద జిగురు చేతికి తగిలిన రోజున మళ్లీ అదే కుళాయి దగ్గర సీసా నింపండి. ఈసారి హాలోఎసిటిక్ ఆమ్లాలు కూడా కొలవగలరేమో మీ తమ్ముణ్ణి అడగండి.

డెల్టా టీచర్

అడిగాను సార్, కొలుస్తామన్నాడు. దానికి వేరే సీసా, వేరే పొడి పంపుతున్నారు. మా ఆపరేటర్ అబ్బాయి రోజూ పొద్దున్నే బెడ్ ఇసుక వేలితో రుద్ది చూసి నాకు ఫోన్ చేస్తున్నాడు. ఇవాళ్టికి ఇంకా లేదు.